ఇంగ్లీషు వర్తమాన కాలం – మన ఇంటి రెండు భాషలు

(మన సంక్షేమ సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



విద్య గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యవర్గంవారు మమ్మల్ని ఆదేశించారు. విద్య గొప్పదనాన్ని గురించి ప్రతి సంవత్సరమూ పెద్దలు చెప్తూనే ఉన్నారు, మనమంతా తల ఊపుతూనే ఉన్నాము. కాబట్టి ఈసారి ఉపన్యాసం వదిలిపెట్టి ఒక చిన్న పాఠం చెప్పుకొందామని మా ఉద్దేశం. అది ఇంగ్లీషులో వర్తమాన కాలం, అనగా ప్రెజెంట్ టెన్స్. "సభలో గ్రామరా మాస్టారూ!" అని ఎవరూ నవ్వవద్దని మనవి. ఈ పాఠం పిల్లలకంటే తల్లిదండ్రులు వినవలసింది.

మన పిల్లల సంగతి మీకు తెలిసిందే. ఉర్దూ మాధ్యమంలో పదో తరగతి దాకా చక్కగా చదువుతారు. లెక్కలూ వస్తాయి, సామాన్య శాస్త్రమూ వస్తుంది. పదో తరగతి దాటాక చాలామందికి మాధ్యమం మారిపోతుంది. కాలేజీలో పుస్తకం ఇంగ్లీషు, పాఠం ఇంగ్లీషు. మగపిల్లవాడు రెండు నెలలు మూగవాడిలా కూర్చుని ఏదో ఒక కొట్లో పనికి కుదురుతాడు. ఆడపిల్ల అయితే "చాల్లే, ఇక ఇంట్లో ఉండు" అంటాము. అడిగితే "దానికి ఇంగ్లీషు రాలేదండీ" అని సమాధానం. ఒక భాషలో నాలుగు వాక్యాలు కూర్చుకోలేకపోవటం వల్ల ఒక జీవితం దారి మారిపోతున్నది. కాబట్టి ఈ గ్రామరు చిన్న విషయం కాదు.

అసలు మన పిల్లలు మందబుద్ధులా? ఆలోచించండి. తొమ్మిదేళ్ళ మన పిల్లవాడు మూడు లిపులు చదువుతాడు. ఉర్దూ కుడి నుంచి ఎడమకు, తెలుగు, ఇంగ్లీషు ఎడమ నుంచి కుడికి. ఇంట్లో అమ్మీతో ఒక భాష, వీధిలో స్నేహితులతో ఒక భాష. విజయవాడ నుంచి జగదల్‌పూర్ వెళ్ళే పెద్ద రోడ్డు మన తిరువూరు మీదుగా పోతున్నది. ఆ రోడ్డు పక్క టీ కొట్టు దగ్గర లారీ డ్రైవరుతో హిందీ కూడా మాట్లాడేస్తాడు. ఇన్ని భాషలు మోసే బుర్రకు నాలుగోది బరువు కాదు. బరువు అనిపించటానికి కారణం, అది ఆకాశంలోంచి ఊడిపడిన వస్తువని మనం అనుకోవటమే. మేము చెప్పదలచుకొన్నది ఒక్కటే. ఇంగ్లీషు వర్తమాన కాలం చాలావరకు మన ఇంట్లోనే ఉన్నది. ఉర్దూ ఎక్కడ తప్పుదారి పట్టిస్తుందో అక్కడ తెలుగు దారి చూపిస్తుంది. తెలుగు ఎక్కడ తప్పిస్తుందో అక్కడ ఉర్దూ ఆదుకొంటుంది. ఇది రెండు భాషల ఇంటి పిల్లవాడికే ఉన్న అదృష్టం.

భాష కష్టం కావటం మన ఒక్కరి విషయం కాదు. సి.పి. బ్రౌన్ దొరగారు 1817లో మద్రాసు వచ్చారు. 1820లో కడపకు ఉద్యోగం మీద వెళ్ళారు. తర్వాత మన పాత జిల్లా కేంద్రమైన మచిలీపట్నంలో కూడా పనిచేశారు. ఆయన తెలుగు వ్యాకరణం అచ్చయింది 1840లో. అంటే ఇంగ్లీషువారికి కూడా మన క్రియలు అర్థం కావటానికి పుస్తకాలు కావలసివచ్చాయన్న మాట. ఇటు చూస్తే, మన దేశంలో ఇంగ్లీషు ఎలా చెప్పాలో ఉపాధ్యాయులకు నేర్పటం కోసమే 1958లో హైదరాబాదులో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్ పెట్టారు. 1972లో దానికి విదేశీ భాషలు కూడా కలిశాయి. 2007లో అది కేంద్ర విశ్వవిద్యాలయం అయింది. మాస్టర్లకే శిక్షణ కావలసివచ్చిన భాష పిల్లలకు ఒక్కరోజులో రాలేదని కోపగించుకోవటం న్యాయమా?

ఇంకొక మాట. ఉర్దూ చదివితే ఇంగ్లీషు రాదని కొందరంటారు. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంలో ప్రారంభమయింది. అక్కడ ఇంగ్లీషును కూడా తప్పనిసరి పాఠ్యాంశంగా ఉంచారు. అక్కడ ఉర్దూ ఆచార్యులుగా పనిచేసిన మౌల్వీ అబ్దుల్ హఖ్‌గారు ఉర్దూ వ్యాకరణమూ రాశారు, ఇంగ్లీషు-ఉర్దూ నిఘంటువూ తయారుచేయించారు. ఆ పెద్దలకు ఈ రెండు భాషలు పోట్లాడుకొనేవిగా కనపడలేదు.

సరే, ఇక పాఠంలోకి వద్దాం.

వర్తమానం అంటే తెలుగులో ఇప్పటి కాలం. పూర్వం కబురు పంపటాన్ని కూడా వర్తమానం పంపటం అనేవారు. ఉర్దూలో వర్తమాన కాలాన్ని 'హాల్' అంటాము. "క్యా హాల్ హై?" అని రోజూ అడుగుతూనే ఉంటాము. మాజీ, హాల్, ముస్తఖ్‌బిల్ అని మూడు కాలాలూ ఉర్దూ బడిలో మన పిల్లలు వల్లించినవే. అయితే 'ఇప్పుడు' అనేది రెండు రకాలు. ఒకటి అలవాటుగా, స్వభావంగా జరిగేది. రెండవది సరిగ్గా ఈ నిమిషంలో జరుగుతున్నది.

మన ఊరి చుట్టుపక్కల మామిడి తోటలున్నాయి కదా. మామిడికాయల వ్యాపారి ఒకతన్ని తీసుకోండి. "అతను మామిడికాయలు అమ్ముతాడు" అంటాము. ఇది అతని వృత్తి. "అతను మామిడికాయలు అమ్ముతున్నాడు" అంటే ఇదిగో, ఇప్పుడు బజార్లో బండి పెట్టుకొని ఉన్నాడు. డిసెంబరు నెలలో చెట్టుకు ఒక్క కాయ ఉండదు, అతను గోడకు ఆనుకొని బీడీ కాలుస్తుంటాడు. అప్పుడు కూడా "అమ్ముతాడు" అన్నమాట నిజమే. "అమ్ముతున్నాడు" అంటే మాత్రం అబద్ధం. ఇదే తేడా ఇంగ్లీషులోనూ ఉన్నది. "హీ సెల్స్ మ్యాంగోస్" అంటే అమ్ముతాడు. "హీ ఈజ్ సెల్లింగ్ మ్యాంగోస్" అంటే అమ్ముతున్నాడు. ఉర్దూలో చూడండి. "వో ఆమ్ బేచ్‌తా హై", "వో ఆమ్ బేచ్ రహా హై". మూడు భాషల్లోనూ ఒకటే లెక్క.

మన ఇళ్ళల్లో మాట్లాడే దక్కనీలో అయితే ఇంకా పొట్టిగా 'జాతా', 'జారా' అంటాము. "కాఁ జారా?" అని అడుగుతుంది దాదీ. బడి ముఖం చూడని దాదీ కూడా 'జాతా' అనవలసినచోట 'జారా' అనదు. మరి దాదీకి ప్రెజెంట్ టెన్స్ వచ్చినట్లే కదా!

తెలుగు పండితులు ఈ మొదటి రకానికి ఒక ప్రత్యేకమైన పేరే పెట్టారు. తద్ధర్మార్థకం. చిన్నయసూరిగారి బాలవ్యాకరణంలో ఆ పేరున్నది. సూర్యుడు తూర్పున ఉదయిస్తాడు, పక్షి ఎగురుతుంది, ఆవు గడ్డి తింటుంది, ఇలా ధర్మాన్ని, స్వభావాన్ని చెప్పేవి. ఉర్దూ వ్యాకరణంలో దీన్ని 'హాల్-ఎ-ముత్లఖ్' అంటారు. ఇంగ్లీషులో సింపుల్ ప్రెజెంట్. పేర్లు మూడు, సంగతి ఒక్కటే.

కాబట్టి పిల్లవాడు వాక్యం రాసేముందు తనను తాను అడుగుకోవలసిన మొదటి ప్రశ్న: రోజూనా? ఇప్పుడా? రోజూ అయితే "ఐ గో టు స్కూల్". ఇప్పుడు దారిలో ఉంటే "ఐ యామ్ గోయింగ్ టు స్కూల్". మన పిల్లలు ఎక్కువగా "ఐ యామ్ గోయింగ్ టు స్కూల్ డైలీ" అంటారు. తెలుగులో "రోజూ వెళ్తున్నాను" అని కూడా అంటాము కనుక ఆ అలవాటు వచ్చింది. స్థిరపడిన అలవాటు చెప్పేటప్పుడు 'ఇంగ్' వద్దని గట్టిగా చెప్పండి.

ఇప్పుడు రెండు భాషలు ఒకదాన్నొకటి ఎలా దిద్దుతాయో చూద్దాం.

తెలుగులో ఒక చిక్కున్నది. "రోజూ అమ్ముతాడు" అన్నా 'అమ్ముతాడు', "రేపు అమ్ముతాడు" అన్నా 'అమ్ముతాడు'. రెంటికీ ఒకటే మాట. భద్రిరాజు కృష్ణమూర్తిగారు, గ్విన్‌గారు కలిసి 1985లో వెలువరించిన ఆధునిక తెలుగు వ్యాకరణంలో కూడా ఈ రూపాన్ని భవిష్యత్తుకూ, అలవాటుకూ ఉమ్మడిగానే చెప్పారు. తెలుగులోంచి ఆలోచించే పిల్లవాడు "టుమారో హీ సెల్స్" అని రాసేస్తాడు. ఇంగ్లీషులో రేపటి మాటకు 'విల్' కావాలి, "టుమారో హీ విల్ సెల్". ఇక్కడ ఉర్దూ ఆదుకొంటుంది. ఉర్దూలో రోజూ అయితే 'బేచ్‌తా హై', రేపు అయితే 'బేచేగా'. ఎప్పుడూ కలవవు. కనుక అనుమానం వస్తే మనసులో ఉర్దూలో అనుకోమనండి. చివర 'గా' వస్తే ఇంగ్లీషులో 'విల్'. 'తా' వస్తే సింపుల్ ప్రెజెంట్.

ఉర్దూలో ఉన్న చిక్కు వేరు. 'బేచ్‌తా హై'లో రెండు మాటలున్నాయి. 'హై' కనపడగానే పిల్లవాడు 'ఈజ్' పెడతాడు. "హీ ఈజ్ సెల్" అని రాస్తాడు. ఈ తప్పు మా కాపీలు దిద్దే ఎర్ర సిరాలో సగం తాగేస్తుంది. ఇక్కడ తెలుగు ఆదుకొంటుంది. తెలుగులో 'అమ్ముతాడు' ఒకటే మాట. కాబట్టి ఇంగ్లీషులోనూ ఒకటే మాట, 'సెల్స్'. తెలుగులో 'అమ్ముతు, ఉన్నాడు' అని 'ఉన్నాడు' వినపడితేనే ఇంగ్లీషులో 'ఈజ్' వస్తుంది, దాంతో 'ఇంగ్' వస్తుంది. 'ఈజ్' వచ్చి 'ఇంగ్' రాకపోతే తప్పు. 'ఇంగ్' వచ్చి 'ఈజ్' రాకపోయినా తప్పే. ఈ రెండూ జోడెడ్ల లాంటివి. ఒకటి లేకపోతే బండి కదలదు.

ఇక ఈజ్, యామ్, ఆర్. తెలుగులో "అతను దర్జీ" అంటే వాక్యం పూర్తయింది, క్రియ అక్కరలేదు. ఇంగ్లీషులో "హీ టైలర్" అంటే కుదరదు. "హీ ఈజ్ ఎ టైలర్" అనాలి. తెలుగు మాధ్యమం పిల్లలు ఇక్కడ తడబడతారు. మన పిల్లలకు ఆ ఇబ్బంది ఉండకూడదు. "వో దర్జీ హై" అని 'హై' మనకున్నది. ఇంకా విచిత్రం చూడండి. ఉర్దూలో 'హూఁ' అనేది 'మైఁ'తో తప్ప మరి దేనితోనూ రాదు. ఇంగ్లీషులో 'యామ్' కూడా 'ఐ'తో తప్ప రాదు. మైఁ-హూఁ, ఐ-యామ్. వో-హై, హీ-ఈజ్. పదిమంది ఉంటే 'హైఁ', ఇంగ్లీషులో 'ఆర్'. మా తరగతిలో ఈ ముక్క చెప్పగానే పిల్లల ముఖాలు వెలుగుతాయి.

అయితే ఇక్కడొక మర్యాద విషయం ఉన్నది. మనం తండ్రిగారి గురించి "అబ్బా దర్జీ హైఁ" అంటాము, బహువచనంలో. తెలుగులోనూ "నాన్నగారు వస్తారు" అంటాము, 'వస్తాడు' అనము. ఆ మర్యాద కొద్దీ పిల్లవాడు "మై ఫాదర్ ఆర్ ఎ టైలర్" అనీ, "మై ఫాదర్ కమ్" అనీ రాస్తాడు. తప్పు దిద్దితే తండ్రిని తక్కువ చేసినట్లు బాధపడే పిల్లలు కూడా ఉన్నారు. వారికి నచ్చచెప్పాలి. బేటా, ఇంగ్లీషు క్రియకు అదబు తెలియదు. రాజైనా, బంట్రోతైనా ఒక్కడైతే 'ఈజ్'. "మై ఫాదర్ ఈజ్ ఎ టైలర్." "మై ఫాదర్ కమ్స్ హోమ్ ఎట్ నైన్." వారి మర్యాద 'సర్', 'ప్లీజ్' వంటి మాటల్లో ఉంటుంది. అలాగే తూ, తుమ్, ఆప్ మూడింటికీ, నువ్వు, మీరు రెంటికీ ఇంగ్లీషులో ఒకటే 'యు'. ఊయలలో పాపకైనా 'యు ఆర్', కలెక్టరుగారికైనా 'యు ఆర్'.

ఇప్పుడు అందరినీ ఏడిపించే 'ఎస్' దగ్గరికి వద్దాం. తెలుగులో అమ్ముతాను, అమ్ముతావు, అమ్ముతాడు, అమ్ముతుంది, అమ్ముతాము, అమ్ముతారు అని మనిషి మారినప్పుడల్లా క్రియ తోక మారుతుంది. ఉర్దూలోనూ బేచ్‌తా హూఁ, బేచ్‌తీ హై, బేచ్‌తే హైఁ అని మారుతుంది. ఇన్ని తోకలను మన పిల్లలు పాలు తాగే వయసు దాటగానే నేర్చేసుకొన్నారు. ఇంగ్లీషులో ఉన్నది ఒక్కటే తోక. ఐ సెల్, యు సెల్, వుయ్ సెల్, దే సెల్. అన్నీ ఒకటే. హీ, షీ, ఇట్ వచ్చినప్పుడు మాత్రం 'సెల్స్'. అంతే. మనిషి పేరు పెట్టినా, బస్సు, ఆవు, అమ్మీ, ఏ ఒక్కటి పెట్టినా 'హీ, షీ, ఇట్' కిందే లెక్క. "ద బస్ కమ్స్ ఎట్ సిక్స్." "మై మదర్ కుక్స్."

పిల్లలకు తికమక ఎక్కడంటే, నామవాచకానికి 'ఎస్' వస్తే బహువచనం, క్రియకు 'ఎస్' వస్తే ఏకవచనం. "ద బాయ్ కమ్స్." "ద బాయ్స్ కమ్." గుర్తు పెట్టుకోవటానికి ఇలా చెప్పండి: ఇటువంటి వాక్యాల్లో 'ఎస్' త్రాసు లాంటిది. ఒక పళ్ళెంలో పడితే రెండో పళ్ళెంలో ఉండదు. రాసేటప్పుడు చిన్న చిన్న మార్పులున్నాయి. గో, వాచ్ వంటివాటికి 'ఈ ఎస్' కలుస్తుంది, గోస్, వాచెస్. 'స్టడీ'లో చివరి 'వై' పోయి 'ఐ ఈ ఎస్' వస్తుంది. 'ప్లే'లో మాత్రం 'వై'కి ముందు అచ్చు ఉన్నది గనుక 'వై' అలాగే ఉండి 'ఎస్' కలుస్తుంది. 'హ్యావ్' మాత్రం 'హ్యాజ్' అవుతుంది.

కాదు అనటం, ప్రశ్న అడగటం ఎలా? ఇక్కడ మనకు బొత్తిగా కొత్త వస్తువు ఒకటి వస్తుంది. డూ, డజ్. "అమ్మడు" అనటానికి తెలుగులో క్రియే మారిపోతుంది. ఉర్దూలో మధ్యలో 'నహీఁ' పెడితే చాలు. ఇంగ్లీషులో 'నాట్' ఒంటరిగా రాదు, 'డజ్' చెయ్యి పట్టుకొని వస్తుంది. "హీ డజ్ నాట్ సెల్." గమనించండి, 'సెల్స్' కాదు, 'సెల్'. 'ఎస్' ఎక్కడికి పోయింది? 'డజ్'లోకి పోయింది. ఒక ఇంటికి ఒకటే తాళం చెవి. 'డజ్' దగ్గర ఉంటే 'సెల్' దగ్గర ఉండదు. "హీ డజ్ నాట్ సెల్స్" అని రాసేవారు ఇంటికి రెండు తాళం చెవులు చేయించినట్లు. ఐ, యు, వుయ్, దే లతో 'డూ నాట్'. 'ఈజ్' ఉన్నచోట మాత్రం ఈ డూ, డజ్ లతో పని లేదు. "హీ ఈజ్ నాట్ ఎ టైలర్", "హీ ఈజ్ నాట్ సెల్లింగ్."

ప్రశ్నకు ఉర్దూ బాగా పనికొస్తుంది. "క్యా వో ఆమ్ బేచ్‌తా హై?" అని 'క్యా' ముందుకు వస్తుంది కదా. ఆ 'క్యా' కూర్చున్నచోట 'డజ్' కూర్చుంటుంది. "డజ్ హీ సెల్ మ్యాంగోస్?" ఇప్పుడు జరుగుతున్నదాన్ని అడిగితే అదే కుర్చీలో 'ఈజ్' కూర్చుంటుంది. "ఈజ్ హీ సెల్లింగ్ మ్యాంగోస్?" ఏమిటి అనే ప్రశ్నలో మాత్రం జాగ్రత్త. "వో క్యా బేచ్ రహా హై?" అన్న వరసలో "వాట్ హీ ఈజ్ సెల్లింగ్?" అంటాము. ఇంగ్లీషులో ఈజ్ ముందుకు రావాలి. "వాట్ ఈజ్ హీ సెల్లింగ్?"

ఇక 'ఇంగ్' పట్టని మాటలు కొన్ని. "ఐ యామ్ నోయింగ్ తెలుగు", "ఐ యామ్ హ్యావింగ్ టూ బ్రదర్స్" అని ఉద్యోగస్తులు కూడా అంటుంటారు. దీనికి మన భాషలను తప్పుపట్టటానికి వీల్లేదు. తెలుగులో "నాకు తెలుసు" అంటాము. "తెలుస్తున్నాను" అని ఎవరూ అనరు. కావాలి, ఇష్టం, గుర్తుంది, వీటికీ 'తున్నాను' కలపము. ఉర్దూలో 'మాలూమ్ హై', 'చాహియే', 'పసంద్ హై', వీటికీ 'రహా' రాదు. చాలావరకు ఇదే గుర్తు. 'తున్నాను' అతకని మాటకు 'ఇంగ్' కూడా అతకదు. ఐ నో, ఐ వాంట్, ఐ లైక్, ఐ రిమెంబర్. నమ్ముతున్నాను, ప్రేమిస్తున్నాను వంటివి కొన్ని ఈ లెక్కకు లొంగవు. వాటిని విడిగా నేర్చుకోవాలి. ఇంకొకటి, మనం 'నాకు', 'ముఝే' అన్నచోట ఇంగ్లీషువారు నేరుగా 'ఐ' అంటారు. "నాకు ఇద్దరు తమ్ముళ్ళున్నారు" అనటానికి "ఐ హ్యావ్ టూ బ్రదర్స్" చాలు.

చివరిగా, మన రెండు భాషలూ కలిసి తప్పుదారి పట్టించే చోటు ఒకటి ఉన్నది. "అయిదేళ్ళ నుంచి ఇక్కడ పనిచేస్తున్నాను." "పాంచ్ సాల్ సే కామ్ కర్ రహా హూఁ." రెంటిలోనూ వర్తమానమే. అందుకని "ఐ యామ్ వర్కింగ్ హియర్ సిన్స్ ఫైవ్ ఇయర్స్" అంటాము. ఇంగ్లీషువారు అప్పుడు మొదలై ఇప్పటిదాకా సాగుతున్న పనికి వేరే రూపం వాడతారు. "ఐ హ్యావ్ బీన్ వర్కింగ్ హియర్ ఫర్ ఫైవ్ ఇయర్స్." ఎంతకాలమో చెప్తే 'ఫర్'. ఎప్పటినుంచో చెప్తే 'సిన్స్', "సిన్స్ 2020" అన్నట్లు. ఇక్కడ దాదీ సాయం దొరకదు. బట్టీ పట్టవలసిందే.

సోదరులారా, ఇదంతా ఎందుకు చెప్పుకొచ్చామంటే, ఉద్యోగానికి వెళ్ళినా, కాలేజీలో చేరినా పిల్లవాడిని మొట్టమొదట అడిగే ప్రశ్నలు వర్తమాన కాలంలోనే ఉంటాయి. "వాట్ డజ్ యువర్ ఫాదర్ డూ?" అంటారు. "మీ నాన్న ఏం చేస్తుంటారు" అని. "క్యా కర్‌తే హైఁ". పిల్లవాడు దాన్ని "ఇప్పుడేం చేస్తున్నారు" అనుకొని "హీ ఈజ్ స్లీపింగ్ ఎట్ హోమ్" అన్నాడనుకోండి, ఎదుటివారు నవ్వుతారు. ఆ నవ్వుతో పిల్లవాడి గొంతు మూతపడుతుంది. "హీ రన్స్ ఎ టీ స్టాల్" అని తలెత్తి చెప్పగలిగిననాడు ఆ టీ కొట్టుకు కూడా గౌరవం.

ఏ మాధ్యమం మంచిదనే వాదం మన రాష్ట్రంలో చాలాకాలంగా సాగుతూ వస్తున్నది. 2019లో ప్రభుత్వ బడులను ఇంగ్లీషు మాధ్యమంలోకి మార్చాలని ఉత్తర్వు వచ్చింది. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు దాన్ని కొట్టివేసింది. 2022లో ఉర్దూను రాష్ట్రానికి రెండవ అధికార భాషగా చేస్తూ శాసనసభ చట్టం చేసింది. పెద్దల వాదాలు పెద్దలు చూసుకొంటారు. ఏ మాధ్యమమైనా పిల్లవాడికి "హీ డజ్ నాట్" రావాలి. ఇంగ్లీషు కోసం ఉర్దూను, తెలుగును మాన్పించాలనే తల్లిదండ్రులకు మా మనవి ఒక్కటే. దిద్దే రెండు కలాలనూ పారేసి కాపీ ఎలా దిద్దుతారు?

"మాకు ఇంగ్లీషు రాదు కదా మాస్టారూ, మేమేం చేయగలం?" అని అమ్మలు అడుగుతారు. చేయగలరు. రాత్రి భోజనాలయ్యాక పది నిమిషాలు. ఇంట్లో ఒక మనిషిని గురించి ఐదు వాక్యాలు చెప్పమనండి. ముందు ఉర్దూలో, తర్వాత తెలుగులో, ఆ తర్వాత ఇంగ్లీషులో. అబ్బా తెల్లవారుజామున లేస్తారు, కొట్టు తెరుస్తారు, టీ తాగుతారు, ఇలా. అన్నీ అయ్యాక "రోజూనా, ఇప్పుడా?" అని అడగండి. రోజూ అంటే 'ఈజ్' వినపడకూడదు, చివర 'స్' అనో 'జ్' అనో వినపడాలి. ఇప్పుడు అంటే 'ఈజ్', 'ఇంగ్' రెండూ వినపడాలి. ఈ రెండు చెవిన పట్టటానికి ఇంగ్లీషు చదవనక్కరలేదు. మరునాడు అవే ఐదు వాక్యాలు 'నాట్' పెట్టి చెప్పించండి. మూడోనాడు ప్రశ్నలుగా మార్పించండి. నెల తిరిగేసరికి నూటయాభై వాక్యాలు నోట్లో ఆడినట్లే. పిల్లవాడు తప్పు చెప్తే మాత్రం ఇంట్లో ఎవరూ నవ్వకండి. అన్నదమ్ములు నవ్వినా మందలించండి. ఆడపిల్లను కూడా అదే చాప మీద కూర్చోబెట్టండి, వంటింట్లోకి పిలవకండి ఆ పది నిమిషాలూ.

సంఘం పెద్దలకు కూడా ఒక విన్నపం. ఇందుకు భవనాలు, విరాళాలు అక్కరలేదు. సాయంత్రం ఒక గది, ఒక నల్లబల్ల, డిగ్రీ చదివే మన పిల్లల్లో ఇద్దరు, ముగ్గురు వంతులవారీగా వస్తే చాలు. వారానికి మూడు రోజులు అరగంట చొప్పున ఈ ఒక్క వర్తమాన కాలాన్ని కుదురుగా నేర్పితే, మిగిలిన కాలాలు వాటంతట అవే దారికొస్తాయి. పదో తరగతి పిల్లలతో మొదలుపెడితే మంచిది, వారికే వ్యవధి తక్కువ. మాకు సెలవు దొరికిన రోజుల్లో మేమూ వచ్చి కూర్చుంటాము.

 ముందు వరుసలోని పిల్లలారా, ఇంటికెళ్ళి మీ అమ్మీకి ఐదు వాక్యాలు వినిపించండి. సెలవు. ఖుదా హాఫిజ్.